రక్తం చూడకుండా సూది వేసేది ఇంక ఆపుదాం

పోస్టు పెద్దది. పాలు పోసి వచ్చి, తీరిగ్గా కూర్చుని చదవండి. కోపం వస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన వారం మా వీధిలో బాబాయి వరసయ్యే ఆయన కొట్టంలో హెచ్‌ఎఫ్ ఆవు పడిపోయింది. ఏడు నెలల చూలు. పోయిన ఈతలో పూటకు తొమ్మిది లీటర్లు ఇచ్చిన గొడ్డు. నేను పోయేసరికి గాడి పక్కన మూడు ఖాళీ సీసాలు పడి ఉన్నాయి. ఆవు మెడ వాల్చేసి ఉంది. పిన్నమ్మ తలగుడ్డ తడిపి దాని నుదురు మీద వేస్తా ఉంది.

"ఏం మందులు బాబాయ్ ఇవి?" అన్నాను.

"ఒకటి జ్వరానికి. ఇంకోటి ఎర్ర ఉచ్చకు. మూడోది థైలేరియా సూదిరా, అన్నిటికంటే రేటు దానికే. ఒక్కటీ పని చెయ్యలే. అన్నీ దొంగ మందులే వస్తాండాయి ఇప్పుడు."

"రక్తం తీసి చూసినారా?"

"రక్తమా? దేనికి?"

ఆ "దేనికి" అనే మాటకు జవాబే ఈ పోస్టు. బాబాయిని ఎత్తిపొడవడానికి కాదు. రెండేళ్ల ముందు ఇదే మాట నేనూ అన్నాను. అందుకు నేను కట్టిన ఖరీదు ముందు చెప్తా.

శ్రావణమాసం. మా జెర్సీ క్రాసు ఆవు, రెండో ఈత. ఒక సాయంత్రం మేత ముట్టలేదు. ఒళ్లు కాలిపోతా ఉంది. థర్మామీటరు పెడితే 106. ఫోన్ చేస్తే బండి మీద ఒకాయన వచ్చాడు. కళ్లు చూశాడు, చెవులు పట్టుకున్నాడు, "పిడుదుల జ్వరం" అన్నాడు. మాట తప్పు కాదు. రెండు సూదులు వేసి డబ్బు తీసుకుని పోయాడు. తెల్లారికి జ్వరం కొంచెం దిగింది. మేము సంబరపడ్డాం. ఆ సాయంత్రానికే మళ్లీ ఎక్కింది. మళ్లీ అవే సూదులు. మూడో రోజు కడుగుతా ఉంటే భుజం ముందర జామకాయంత గడ్డ చేతికి తగిలింది. గుంజకు ఒరుసుకుందేమో అనుకున్నాను. ఐదో రోజు పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా సున్నం కొట్టినట్టు ఉన్నాయి. అప్పుడు టౌనుకు రక్తం పంపాను. ఆరో రోజు మధ్యాహ్నం చెప్పారు: థైలేరియా. ఆ సాయంత్రం అసలు సూది పడింది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆవు పోయింది.

ఆవు పోయింది, కంతులు పోలేదు. ఇంకా కడుతున్నాను.

మొదటి మూడు రోజులు నేను వేయించిన మందు మంచిదే. దొంగది కాదు. కాకపోతే అది వేరే పురుగును చంపే మందు. ఇంట్లో దొంగ పడితే పక్కింటి తలుపు కొట్టినట్టు అయింది.

సరే, ఏంటి ఈ పురుగులు? పిడుదులు (మీ వైపు గోమార్లు అంటారేమో) మోసుకొచ్చే రక్తపు జబ్బులు మన ఆవులకు ముఖ్యంగా మూడు.

ఒకటి, థైలేరియా. పిడుదు కుట్టినప్పుడు లోపలికి పోయి ముందు తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. ఆ కణాన్ని క్యాన్సర్ కణం లాగా ఆగకుండా చీలేలా చేస్తుంది. కణం రెండు అయితే పురుగూ రెండు అవుతుంది. అందుకే భుజం ముందు, చెవి కింద గడ్డలు ఉబ్బుతాయి. ఆ తర్వాత ఎర్రకణాల్లోకి దిగుతుంది. అప్పుడు రక్తం తగ్గి చిగుళ్లు, కళ్ల లోపల పాలిపోతాయి. దీనికి మందు బూపార్వాక్వోన్.

రెండోది, బెబీసియా. ఇది నేరుగా ఎర్రకణాల్లోకే పోయి వాటిని పగలగొడుతుంది. అందుకే ఉచ్చ కాఫీ రంగులో వస్తుంది. దీనికి డైమినజీన్, లేదా ఇమిడోకార్బ్.

మూడోది, అనాప్లాస్మా. ఇది అసలు ఆ రెండిటి జాతే కాదు, ఒక రకం బ్యాక్టీరియా. ఎర్రకణాల అంచున కూర్చుంటుంది. ఆవు పాలిపోతుంది, పచ్చబడుతుంది, పేడ గట్టిపడుతుంది, చూలు ఆవు ఈసుకుపోతుంది. కానీ ఉచ్చ ఎర్రగా రాదు. దీనికి ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి మందు.

ఇప్పుడు చూడండి. మూడిటికీ జ్వరం ఉంటుంది. మూడిట్లోనూ ఆవు పాలిపోతుంది, మేత మానేస్తుంది, పాలు ఎత్తేస్తుంది. మూడూ పిడుదులున్న కొట్టంలోనే వస్తాయి. కానీ మందులు వేరు వేరు. డైమినజీన్ ఎంత వేసినా థైలేరియా చావదు. బూపార్వాక్వోన్ ఎంత వేసినా అనాప్లాస్మా చావదు. పైగా ఒకే ఆవులో రెండు కలిసి ఉండొచ్చు. ఎంత అనుభవం ఉన్నాయనైనా కళ్లు చూసి, చెవి పట్టుకుని చెప్పేది అంచనాయే. గడ్డ కనపడినా, ఉచ్చ రంగు మారినా అంచనా కొంత గట్టిపడుతుంది. అవి రెండూ లేని ఆవు సంగతేంటి?

పిడుదు వల్ల పశువుకు జ్వరం వస్తుందని లోకానికి రుజువు అయ్యి ఎన్నేళ్లయిందో తెలుసా? 1893. అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు "టెక్సాస్ జ్వరం" మీద పనిచేసి, పిడుదులే దాన్ని మోస్తాయని చూపించారు. అదే ఇప్పుడు మనం బెబీసియా అంటున్న జబ్బు. దోమ వల్ల మలేరియా వస్తుందని రుజువు కాకముందే ఈ సంగతి తేలింది. నూట ముప్పై ఏళ్లు దాటింది. మన వీధుల్లో ఇంకా సగం మంది దిష్టి అంటారు, మిగతా సగం "ఏదో ఒక సూది ఏసెయ్ సార్" అంటారు.

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసిందే ఉంటుంది. ఇప్పుడు చెప్పేది కొట్టంలో గానీ మందుల షాపులో గానీ ఎవరూ చెప్పరు.

థైలేరియా అంటే ఒక పురుగు కాదు. వేరుశనగ అంటే ఒకటేనా? టీఎంవీ-2 ఉంది, కదిరి-6 ఉంది, లేపాక్షి ఉంది. అన్నీ వేరుశనగే. కానీ ఒకటి ఆకుమచ్చకు ఆగుతుంది, ఒకటి ఆగదు. ఒకటి బెట్టకు తట్టుకుంటుంది, ఒకటి వాడిపోతుంది. రక్తంలో పురుగులూ అంతే. పేరు ఒకటే, లోపల విత్తనం వేరు.

ఈ విత్తనాలు ఎట్లా పుడతాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఆవులో ఉన్నంతసేపు పురుగు తనను తాను చీల్చుకుని పెరుగుతుంది. పిడుదు కడుపులోకి పోయాక మాత్రం ఆడ, మగ రూపాలు కలుస్తాయి. పిడుదు తాగిన రక్తంలో నాలుగు రకాల పురుగులుంటే ఆ నాలుగూ కలగలిసి కొత్త రకాలు పుట్టొచ్చు. అంటే మన కొట్టం గోడ పగుళ్లలో ఉండే ప్రతి పిడుదూ ఒక క్రాసింగ్ ఫారం. మనం ఆవుల్ని క్రాసు చేయించడానికి ఫోన్ చేసి, డబ్బు కట్టి ఎదురు చూస్తాం. అవి మన గోడలోనే ఉచితంగా చేసుకుంటా ఉన్నాయి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. టునీషియా, తుర్క్‌మెనిస్థాన్ దేశాల పశువుల రక్తంలో శాస్త్రవేత్తలు జన్యు గుర్తులు పెట్టి చూశారు. ఒకే ఆవు ఒంట్లో ఒకేసారి చాలా రకాల థైలేరియా ఉండటమే మామూలు సంగతి అని తేలింది. మన దగ్గర హైదరాబాదు గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు 2021లో మన దేశపు పశువుల్లో తిరుగుతున్న థైలేరియాను, టీకాలో వాడే థైలేరియాను పక్కపక్కన పెట్టి చూసి ప్రచురించారు. బయట తిరిగేది రకరకాలుగా ఉంది, టీకాలో ఉండే రకాలు తక్కువ అని తేల్చారు.

"ఉంటే ఏమవుతుందిలే" అంటారా? గుర్రాల కథ చెప్తా, వినండి. గుర్రాలకు వేరే థైలేరియా ఉంది, దాని పేరు థైలేరియా ఈక్వై. మన ఆవులకు రాదు, భయపడొద్దు. కానీ పాఠం మనకూ పనికొస్తుంది. అమెరికాలో 2009లో టెక్సాస్‌లో ఒక పెద్ద ఫారంలో వందల గుర్రాల్లో ఇది బయటపడింది. అక్కడ ఈ జబ్బుంటే గుర్రాన్ని వేరుపెట్టాలి, ఊరు దాటించకూడదు. ఇమిడోకార్బ్ సూది గట్టి డోసులో వేసి చాలా గుర్రాల్లో పురుగును పూర్తిగా తీసేశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత 2018లో అదే రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దు దగ్గర ఈగల్ పాస్ గుర్రాల్లో ఒక పురుగును లోతుగా చూశారు. మైక్రోస్కోపులో ఈక్వై లాగే ఉంది. జన్యువులు చూస్తే ఈక్వై కాదు, కొత్త జాతి. థైలేరియా హేనీ అని పేరు పెట్టారు. అందరూ నమ్ముకున్న రక్తపరీక్షకు అది దొరకదు, ఎందుకంటే ఆ పరీక్ష వెతికే గుర్తు దీని ఒంట్లో లేనే లేదు. అప్పటిదాకా ఈక్వైని తీసేసిన ఇమిడోకార్బ్ దీన్ని తీయలేకపోయింది.

పరీక్ష పాసైన గుర్రం ఒంట్లో పురుగు అట్లాగే ఉంది. మందు పడిన గుర్రం ఒంట్లోనూ అట్లాగే ఉంది. ఒకటే అనుకున్నది రెండు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గుర్రపు పందేల దేశం, ఒక్కో గుర్రానికి మన ఊరంతా అమ్మినా రానంత రేటు ఉన్న దేశం, అంత ల్యాబులు పెట్టుకుని మోసపోయింది. మనం చెవి పట్టుకుని జబ్బు చెప్తా ఉన్నాం!

ఇప్పుడు మన ఆవు థైలేరియాకు వస్తాను. బూపార్వాక్వోన్ మంచి మందు. దానికి సాటి మందు మన చేతిలో ఇంకోటి లేదు. అదే అసలు భయం. టునీషియాలో ఈ సూది వేసినా చావని థైలేరియా 2010 నాటికే బయటపడింది. తర్వాత ఇరాన్‌లో, సూడాన్‌లో కూడా. ఎందుకు చావడం లేదని చూస్తే, పురుగు ఒంట్లో ఆ మందు పోయి కూర్చునే చోటు, అంటే సైటోక్రోమ్-బి అనే జన్యువు, మారిపోయి ఉంది. పీట వంకర చేసేస్తే మందు ఎక్కడ కూర్చుంటుంది?

పత్తి రైతులను అడగండి. బీటీ పత్తి వచ్చిన కొత్తలో గులాబీ పురుగు పేరే మరిచిపోయాం. అదే విత్తనం, అదే విషం, ఏళ్ల తరబడి. చివరికి ఆ విషాన్ని తిని బతికే పురుగే మిగిలింది. ఇప్పుడు బీటీ విత్తనానికీ డబ్బు పెడుతున్నారు, పురుగుమందుకూ పెడుతున్నారు. థైలేరియా విషయంలో మనం సరిగ్గా అదే దోవలో పోతున్నాం. రెండు పనులు చేసి పోతున్నాం.

మొదటిది, అక్కర లేని ఆవుకు వేయడం. జ్వరం వచ్చిన ప్రతి గొడ్డుకూ "దేనికైనా మంచిది, థైలేరియా సూది కూడా ఒకటి వేసెయ్" అనడం. ఆవు థైలేరియా పురుగును లోపల పెట్టుకుని ఆరోగ్యంగా తిరగొచ్చు. దాని జ్వరం ఇంకో కారణం వల్ల రావొచ్చు. అయినా సూది పడుతుంది. లోపలున్న రకరకాల పురుగుల్లో మెత్తనివి చస్తాయి, మొండివి మిగులుతాయి. వాటిని పిడుదు తాగుతుంది. మిగతాది మీకు తెలుసు.

రెండోది, సగం డోసు. ఈ మందు బరువును బట్టి వేయాలి, కిలోకు రెండున్నర మిల్లీగ్రాములు. మామూలుగా దొరికే సీసాలో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 20 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు. 400 కిలోల హెచ్‌ఎఫ్ ఆవుకు 20 మిల్లీలీటర్లు పడాలి. మన దగ్గర ఏం జరుగుతోంది? ఒక సీసా కొని రెండు ఆవులకు పంచుతున్నాం. "రేటు ఎక్కువ కదన్నా, పది ఏస్తే చాల్లే" అంటున్నాం. పది వేస్తే ఆవు కొంచెం తేరుకుంటుంది, పురుగు కూడా పాఠం నేర్చుకుంటుంది. లెక్క మీకు తెలియాలని చెప్పాను, మీరే సూది వేసుకోమని కాదు. ఎంత వెయ్యాలో, రెండోసారి వెయ్యాలో లేదో డాక్టరు చెప్పాలి. పాలు ఎన్నాళ్లు డైరీకి పోయకూడదో కూడా అడగండి. ఆ పాలు పిల్లలే తాగుతారు.

ఇక మా బాబాయి మాటకు వద్దాం. "మందు పని చెయ్యలే, దొంగ మందు." సూది పని చేయకపోతే కారణాలు నాలుగు. జబ్బు అది కాకపోవచ్చు. మందు ఆలస్యం అయ్యుండొచ్చు. డోసు చాలకపోయి ఉండొచ్చు. లేదా పురుగే మొండిది అయ్యుండొచ్చు. నాలుగింటికీ చేయాల్సిన పని వేరు. రక్తం చూడకపోతే ఏది కారణమో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అప్పుడు మనకు మిగిలేది ఒకటే, కంపెనీని తిట్టడం. నిజంగా మందుకు లొంగని పురుగు మన మండలంలో వచ్చిన రోజున కూడా మనం ఇట్లాగే "దొంగ మందు" అని తిట్టి ఊరుకుంటాం. ఎవరికీ తెలియకుండానే అది ఊళ్లు దాటేస్తుంది. నా భయం ఇదే.

దీని మీద నేను మాట్లాడినప్పుడల్లా నాలుగు మాటలు అడ్డం వస్తాయి. ఒక్కోదానికి జవాబు చెప్తా.

"పల్లెలో ల్యాబ్ ఎక్కడుందప్పా?" పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. చెవి కొన దగ్గర ఒక్క చుక్క రక్తం, ఒక గాజు పలక, గీమ్సా అనే రంగు, ఒక మైక్రోస్కోపు. గడ్డ ఉబ్బి ఉంటే దాన్నుంచి సూదితో కొంచెం తీసి ఇంకో పలక. చూసే కన్ను ఉంటే గంట, గంటన్నర పని. మన పిల్లలు హైస్కూల్లో ఉల్లిపొర చూసిన వస్తువే మైక్రోస్కోపు. అది చంద్రమండలం నుంచి రావాల్సింది కాదు.

"రిపోర్టు వచ్చేలోగా గొడ్డు చస్తే?" రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని నేను అనడం లేదు. ముందు రక్తం తీయండి, తర్వాత సూది వేయండి అంటున్నాను. ఆవు ముంచుకొస్తుంటే డాక్టరు అంచనాతో మందు మొదలుపెడతాడు, పెట్టాలి కూడా. మరుసటి రోజు రిపోర్టు చూసి దోవ మార్చుకోవచ్చు. మా ఆవుకు మొదటి రోజు ఒక్క చుక్క తీసి ఉంటే రెండో రోజు అసలు సూది పడేది. నాలుగు రోజులు మిగిలేవి.

"పలక మీద కనపడకపోతే?" నిజమే, ఒక్కోసారి కనపడదు. పురుగు తక్కువగా ఉంటే మైక్రోస్కోపు తప్పిపోతుంది. అప్పుడు పీసీఆర్ అనే పరీక్ష ఉంది, పశువైద్య కళాశాలల్లో, పెద్ద ల్యాబుల్లో చేస్తారు. కరోనాలో మన ముక్కులో పుల్ల పెట్టి చేసింది అదే. పలక అన్నీ చెప్పదు కాబట్టి పలకే వద్దు అనడం, కొడవలి మొద్దుబారిందని కోత మానేసినట్టు.

"నాటు ఆవులు పెట్టుకుంటే ఈ బాధే ఉండదు." వాట్సాప్‌లో ఇది రోజూ తిరుగుతుంది. సగం నిజం. మన ఒంగోలు, పుంగనూరు లాంటి దేశవాళీ గొడ్లు తరతరాలుగా ఈ పిడుదులతోనే బతికాయి, తట్టుకుంటాయి. హెచ్‌ఎఫ్, జెర్సీ రక్తం ఎక్కే కొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది. కానీ తట్టుకోవడం అంటే రాకపోవడం కాదు. నాటు ఆవు ఒంట్లో పురుగు ఉంటుంది, అది చావదు, పిడుదు దాన్ని తాగి పక్కనున్న క్రాసు ఆవుకు ఇస్తుంది. ఇద్దరినీ ఒకే కొట్టంలో కట్టే రైతు ఈ సంగతి తెలుసుకోవాలి. అయినా పాల మీద కంతులు కట్టుకునే వాళ్లకు "నాటు ఆవు పెట్టుకో" అని చెప్పడం సులువు, ఆ కంతు ఎవరు కడతారో చెప్పడం కష్టం.

ఇప్పుడు అడగాల్సిన వాళ్లను అడుగుదాం.

పశువైద్య శాఖ పెద్దలకు: ప్రతి మండల ఆసుపత్రిలో పనిచేసే మైక్రోస్కోపు, రంగు, పలకలు, దాన్ని చూడటం వచ్చిన మనిషి ఉండాలి. బీరువాలో తాళం వేసి ఉన్న మైక్రోస్కోపు లెక్కలోకి రాదు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే బండిలో జ్వరం ఆవుకు ముందు పలక తీయడం తప్పనిసరి చేయండి. ఏ ఊరిలో ఏ పురుగు దొరికిందో ఒక చిట్టా రాసి, గోడ మీద అంటించండి. మందుకు లొంగని కేసు వస్తే ఆ రక్తాన్ని హైదరాబాదుకో తిరుపతికో పంపండి.

టీకా సంగతి: క్రాసు దూడలకు థైలేరియా టీకా ఉంది. రక్షావ్యాక్-టి పేరుతో మన హైదరాబాదులోనే తయారైంది. మా కొట్టాల దాకా మాత్రం రాలేదు. ఎందుకు రాదంటే "అది ద్రవ నత్రజనిలో ఉంచాలి, కష్టం" అంటారు. అయ్యా, వీర్యం గొట్టాలు ఏ డబ్బాలో వస్తున్నాయి మా ఊరికి? అదే ద్రవ నత్రజని డబ్బా! క్రాసు దూడను పుట్టించే విత్తనం ఆ డబ్బాలో మోటారు బండెక్కి మా వాకిట్లోకి వస్తుంది. ఆ దూడను బతికించే టీకా మాత్రం రాదు. ఇదెక్కడి లెక్క? టీకాలో రకాలు తక్కువ అని శాస్త్రవేత్తలే చెప్పారు కదా అంటారేమో. అయితే రకాలు పెంచే పని చేయండి, ఉన్నదాన్ని అందాక ఇవ్వండి.

పాల డైరీల వాళ్లకు: ఆవు కొనడానికి అప్పు ఇప్పిస్తారు, దాణా అంటగడతారు, వెన్న శాతం పాయింటు తగ్గితే కోత కోస్తారు. వెన్న కొలిచే యంత్రం ప్రతి ఊరి కేంద్రంలో ఉంది. రక్తం చూసే యంత్రం పది ఊళ్లకు ఒకటి పెట్టలేరా?

శాస్త్రవేత్తలకు: మీ పనికి దండం పెడుతున్నా. కానీ మా గొడ్ల రక్తం తీసుకుని పోయి ఇంగ్లీషు పత్రికలో రాసుకున్నది మళ్లీ మా ఊరికి తెలుగులో రావాలి. మా మండలంలో ఏ రకం తిరుగుతోంది, మందుకు లొంగుతోందా లేదా అన్నది మాకే ముందు తెలియాలి కదా?

ఇక మనం. అందర్నీ తిట్టి మనల్ని వదిలేస్తే నా పోస్టుకు విలువ లేదు.

థర్మామీటరు ప్రతి పాడి ఇంట్లో ఉండాలి. జ్వరం వస్తే పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, భుజం ముందర తడమండి, ఉచ్చ రంగు చూడండి, ఇవి రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. సూది కన్నా ముందు పలక అడగండి. అడిగితే కోపం చేసుకునే మనిషైతే ఇంకొకరిని పిలవండి.

పిడుదుల మీద అసలు యుద్ధం కొట్టంలో చేయాలి. థైలేరియా మోసే పిడుదు ఎప్పుడూ ఆవు మీదే ఉండదు. దిగి గోడ పగుళ్లలో, గాడి కింద, రాళ్ల సందుల్లో దాక్కుని, రూపం మార్చుకుని మళ్లీ ఎక్కుతుంది. ఆవు మీద మందు కొట్టి గోడ వదిలేస్తే, చేను వదిలేసి గట్టుకు మందు కొట్టినట్టే. పగుళ్లు పూడ్చండి, సున్నం కొట్టండి, మూలల్లో చెత్త, పాత పేడ తీసేయండి. ఇంకో మంచి సంగతి: పిడుదు ఎక్కిన వెంటనే థైలేరియా దిగదు. అది రెండు మూడు రోజులు రక్తం తాగితే గానీ దాని నోట్లో పురుగు పక్వానికి రాదు. అంటే ప్రతి రోజూ చెవుల లోపల, పొదుగు దగ్గర, తోక కింద చూసి పీకేస్తే సగం జబ్బును మందు లేకుండానే ఆపొచ్చు. చేతులతో నలపొద్దు. చేతికి తొడుగు వేసుకుని పీకి కిరసనాయిల్లో వేయండి. ఇవే జాతి పిడుదులు మనుషులకు కూడా ప్రాణాంతకమైన క్రిమియన్ కాంగో జ్వరం ఇస్తాయి, 2011లో గుజరాత్‌లో మనుషులు పోయారు.

పిడుదుల మందు కూడా అంచనాతో కలపొద్దు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి వాటికి లొంగని పిడుదులు మన దేశంలో చాలా చోట్ల వచ్చేశాయి. పలచగా కలిపి కొట్టడం వల్లే అవి అట్లా తయారవుతాయి. ఇక్కడా అదే కథ. సంత నుంచి, కోలారు వైపు నుంచి కొత్త ఆవును తెస్తే నేరుగా మందలో కట్టొద్దు. కొన్నాళ్లు వేరుగా కట్టి, పిడుదులు తీసి, రక్తం చూపించి కలపండి. ఆ ఆవు వెంట వచ్చేది పాలు మాత్రమే కాదు, ఆ ఊరి పురుగు రకం కూడా.

బాబాయి ఆవు ఏమైందని అడుగుతారు. ఆ రోజు నేనే చెవి దగ్గర రక్తం తీయించి, పలకలు జేబులో పెట్టుకుని బండి మీద టౌనుకు పోయాను. సాయంత్రానికి చెప్పారు: అనాప్లాస్మా. థైలేరియా కాదు, బెబీసియా కాదు. పడిన మూడు సీసాల్లో ఒక్కటి కూడా దానికి పనికొచ్చేది కాదు. మందు దొంగది కాదు, మందుకు, జబ్బుకు సంబంధం లేదు, అంతే. సరైన సూది పడింది. నాలుగో రోజుకు ఆవు లేచి నీళ్లు తాగింది. కానీ చూలు నిలవలేదు. ఏడు నెలల పెయ్యదూడ, చచ్చి బయటపడింది. పిన్నమ్మ దాన్ని మామిడి చెట్టు కింద పాతించి, రెండు రోజులు అన్నం తినలేదు.

నిన్న పాల కేంద్రం దగ్గర బాబాయి కనపడ్డాడు. "ఒరే, ఆ గాజు పలకలు యాడ దొరుకుతాయిరా? ఒక డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు.

"దేనికి?" అన్నవాడు "యాడ దొరుకుతాయి?" అని అడుగుతున్నాడు. మన ఊళ్లల్లో ప్రతి పాడి రైతూ ఆ ప్రశ్న అడిగిన రోజున, మైక్రోస్కోపు బీరువాలో తాళం వేసి పెట్టడానికి ఏ అధికారికీ ధైర్యం చాలదు.

మీ ఊరి ఆసుపత్రిలో రక్తం పలక చూస్తున్నారా? చూస్తుంటే ఆ డాక్టరు గారికి నా తరఫున దండం పెట్టి కింద రాయండి. చూడకపోతే రేపు పొద్దున్నే పోయి అడగండి, ఏం చెప్పారో అదీ రాయండి. ఈ పోస్టు ఆవున్న ప్రతి ఇంటికీ చేరాలి.